పన్నెండేండ్లు ఎదురు చూసిన ఈటె

పిల్లలు చెట్టెక్కితే మనం కసురుతాము గాని, కొమ్మల చాటున పోయే కరెంటు తీగను చూడము. రాజస్థాన్‌లోని చూరు జిల్లాకు చెందిన దేవేంద్ర ఝఝారియా ఎనిమిదేండ్ల ప్రాయంలో అట్లే చెట్టెక్కి తీగను తాకాడు. ఎడమ చెయ్యి తీసివేయవలసి వచ్చింది.

2004లో ఏథెన్స్ పారాలింపిక్స్‌లో ఆయన 62.15 మీటర్లు ఈటె విసిరి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం తెచ్చారు. మమ్ములను ఆశ్చర్యపరచినది ఆ తరువాతి సంగతి. 2008లోను, 2012లోను ఆయన విభాగానికి ఈటె పోటీయే పెట్టలేదు. లేని పోటీకి సాధన చేయుమంటే మనలో ఎందరు చేస్తాము? ఆయన చేశారు. 2016లో రియోలో, 35 ఏండ్ల వయసులో, 63.97 మీటర్లు విసిరి తన రికార్డును తానే దాటారు, మరల బంగారమే.

2021లో జరిగిన టోక్యో పోటీలలో ఇంకా దూరం, 64.35 మీటర్లు విసిరారు. అయితే శ్రీలంక క్రీడాకారుడొకరు 67.79 మీటర్లు విసరడంతో ఈసారి వెండి పతకం దక్కింది.