ఆఫీస్‌కి వెళ్తే ఇంట్లో కుక్క ఒంటరి: ఏ గ్యాడ్జెట్ పనికొస్తుంది, ఏది దండగ?

వర్క్ ఫ్రమ్ హోమ్ తగ్గాక పెట్ కెమెరాలు, ఆటోమేటిక్ ఫీడర్లు, ట్రీట్‌లు విసిరే డబ్బాలు అంటూ యాడ్స్ ఎక్కువయ్యాయి. నేనుండేది మియాపూర్‌లో, ఆఫీస్ గచ్చిబౌలిలో. మా ఇండీ కుక్క బ్రౌనీ వారంలో మూడు రోజులు ఒంటరిగా ఉంటుంది. "రోజంతా అరుస్తూనే ఉంది, ఇలాగైతే ఇల్లు ఖాళీ చేయండి" అని ఓనర్ ఆంటీ చెప్పేశారు. కాబట్టి నాకిది సరదా షాపింగ్ కాదు. ఆరు నెలలు వాడాక తేలినవి ఇవీ.

కెమెరా: ముందు ఇదే కొనండి

ప్రత్యేకంగా పెట్ కెమెరా అక్కర్లేదు. మామూలు వైఫై ఇండోర్ కెమెరా చాలు. సౌండ్ డిటెక్షన్, మెమరీ కార్డ్ స్లాట్ ఉన్నాయో లేదో చూసుకోండి. తక్కువ ధర మోడల్స్ చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి, రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆన్ చేసి ఉంచండి. రికార్డింగ్ చూస్తే బ్రౌనీ రోజంతా అరవట్లేదు. నేను తలుపేసిన మొదటి 20 నిమిషాలు, ఆ తర్వాత మెట్ల మీద ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే. ఆ క్లిప్స్ చూపించాక ఆంటీ కొంత టైమ్ ఇచ్చారు.

టూ-వే ఆడియోతో జాగ్రత్త. గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే కొన్ని కుక్కలు ఇంకా కంగారు పడతాయి. బ్రౌనీ అయితే తలుపు గీరడం మొదలుపెట్టింది. ఆ ఆప్షన్ ఆపేశాను.

స్పీకర్: పాతదైనా సరే

గ్లాస్గో యూనివర్సిటీ, స్కాటిష్ ఎస్‌పీసీఏ కలిసి షెల్టర్ కుక్కలపై చేసిన స్టడీ 2017లో వచ్చింది. సాఫ్ట్ రాక్, రెగే పెట్టినప్పుడు అవి ఎక్కువ రిలాక్స్ అయినట్టు తేలింది. ఒకటే పాటలైతే అలవాటైపోతాయి, ప్లేలిస్ట్ మారుస్తుండండి. చిన్న సౌండ్‌లో పెడితే మెట్ల చప్పుడు కూడా కొంత కప్పేస్తుంది.

ట్రీట్ విసిరే కెమెరా: దండగ

దీనికన్నా లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ నయం. ఉప్పు, తాలింపు లేని పెరుగన్నం కూరి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున తలుపేసే ముందు ఇస్తే నాక్కుంటూ కూర్చుంటుంది. ఆ మొదటి 20 నిమిషాల గోల ఇలాగే తగ్గింది. పీనట్ బటర్ వాడితే లేబుల్ చదవండి, జైలిటాల్ ఉంటే కుక్కకి విషం.

ఏసీ, స్మార్ట్ ప్లగ్: ఎండాకాలంలో ముఖ్యం

కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పుతూనే ఒళ్లు చల్లబరచుకుంటాయి. అందుకే మే నెలలో మూసిన గదిలో ఫ్యాన్ ఒక్కటే సరిపోదు. ఏసీకి 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ తీసుకోండి, చిన్నది పెట్టొద్దు. కరెంట్ పోయి వచ్చాక ఏసీ దానంతటదే ఆన్ అయ్యే ఆటో రీస్టార్ట్ ఉందో లేదో ఇంట్లో ఉన్నప్పుడే టెస్ట్ చేయండి. రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి, లేదంటే కరెంట్ పోగానే కెమెరా కూడా ఆఫ్‌లైనే. ఏది ఫెయిలైనా ఇబ్బంది లేకుండా రెండు గిన్నెల్లో నీళ్లు, తాళంచెవి ఉన్న పక్కింటివాళ్లు ఉండాలి.

ఫైనల్‌గా

బడ్జెట్ తక్కువైతే ముందు బొమ్మ, తర్వాత కెమెరా, ఆ తర్వాతే ప్లగ్. పొద్దున అరగంట వాకింగ్‌కి మాత్రం యాప్ లేదు. మీరు లేనప్పుడు అసలు తినకపోవడం, చొంగ కార్చడం, గాయాలయ్యేలా తలుపు కొరకడం కెమెరాలో కనిపిస్తే ఇంకో గ్యాడ్జెట్ ఆర్డర్ చేయకండి, వెటర్నరీ డాక్టర్‌కి ఆ వీడియో చూపించండి.