అందం... ఆఖర్న!

పాత ఇంటికి కొత్త హంగులు అద్దడం మనకు తెలిసిన పనే. పాత తెరచాప పడవకు? అక్కడా ప్లైవుడ్డే, స్క్రూలే, వార్నిషే. కానీ పని వరస మాత్రం పూర్తిగా తలకిందులు!

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ కాలనీకెళ్లినా ఎక్కడో ఓచోట ఇంటీరియర్ పని సాగుతూనే ఉంటుంది. ప్లైవుడ్ కోస్తున్న చప్పుడు, ఫెవికాల్ వాసన, గృహప్రవేశం ముహూర్తంలోగా అయిపోవాలన్న హడావుడి. ఆ పనిలో చేయి తిరిగిన వడ్రంగిని తీసుకెళ్లి ముప్పై నలభై ఏళ్ల నాటి తెరచాప పడవలో దింపితే? మొదటిరోజే తల గోక్కుంటాడు. ఇంట్లో అందం కోసం చేసే ప్రతి పనికీ అక్కడ ముందు ఓ ప్రశ్న ఎదురవుతుంది... ‘తుపానులో ఇది మనిషిని కాపాడుతుందా, ముంచుతుందా?’

మూడొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సముద్రం గొడవ మనకెందుకు అనుకోవడానికి లేదు. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు తిరిగే చిన్న తెరచాప పడవలకు గదులుండవు. కానీ అదే హైదరాబాద్ అమ్మాయి ఒకరు గదులున్న తెరచాప పడవలో ప్రపంచమే చుట్టొచ్చారు!

ఆరుగురికి ఒకటే ఇల్లు

నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్‌వీ తారిణి పొడవు సుమారు 55 అడుగులు. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు అందులో బయల్దేరారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి ఉన్నారు. 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40 వేల కిలోమీటర్లు చుట్టి 2018 మే 21న గోవా చేరారు. దారిలో చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేసుకోవాల్సి వచ్చింది.

అన్ని నెలలూ వంటిల్లు, పడకగది, ఆఫీసు, మరమ్మతుల షెడ్డు... అన్నీ ఆ పడవ కడుపులోనే. కొత్తగా ఉన్నప్పుడు ఓసారి చుట్టొచ్చిన తారిణి ఏడేళ్ల తర్వాత 2024 అక్టోబరులో మళ్లీ బయల్దేరింది. ఈసారి ఇద్దరే అధికారిణులు... దిల్నా, రూప. 2025 మేలో క్షేమంగా తీసుకొచ్చారు. పడవకు వయసు మీదపడటం కాదు, దాన్ని ఎలా చూసుకున్నామన్నదే ముఖ్యం.

ముందు వాసన చూడాలి!

పాత పడవలోకి దిగగానే చేయాల్సింది కొలతలు తీసుకోవడం కాదు, వాసన చూడటం. ముక్కిన వాసన వచ్చిందంటే ఎక్కడో తడి చేరినట్టే. పరుపులు, నేలపలకలు, పైకప్పుకు అంటించిన రెగ్జిన్... అన్నీ ఊడదీస్తారు. స్క్రూడ్రైవర్ పిడితో చెక్కను అంగుళం అంగుళం తట్టి చూస్తారు. కంగుమంటే గట్టిది. మొద్దుగా వినిపిస్తే లోపల కుళ్లు మొదలైనట్టు. కుండ కొనేముందు తట్టి చూస్తాం కదా, అచ్చం అలాగే.

చిత్రమేమిటంటే పడవ చెక్కకు సముద్రపు నీటికన్నా వాన నీరే పెద్ద శత్రువు. చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు గిట్టదు. ఆవకాయను కాపాడేదీ ఆ గుణమే! వాన నీటికి అలాంటి అడ్డు లేదు. డెక్ మీద బిగించిన బోల్టు చుట్టూ సీలెంట్ ఎండిపోతే చాలు... అక్కడ దిగిన చుక్క పైకప్పు వెనకగా పాకి మూడడుగుల అవతల మరకగా బయటపడుతుంది. మరక మీద రంగేస్తే మళ్లీ వర్షాకాలం వరకే మురిపెం. బోల్టు విప్పి, పాత సీలెంట్ గీకేసి, కొత్తది పూసి బిగించాలి. పైనుంచి పైపుతో నీళ్లు కొట్టినా లోపల చుక్క పడకపోతేనే రెండో పని.

గోడ కాదు... వెన్నెముక

ఇంట్లో హాలు పెద్దదిగా కనిపించాలని మధ్య గోడ తీసేయించేవాళ్లున్నారు. పడవలో అడ్డంగా ఉండే చెక్క గోడను, అంటే బల్క్‌హెడ్‌ను అలా తీసేస్తే అంతే సంగతులు! పడవ ఒళ్లు నలగకుండా పట్టి ఉంచేది అదే. తెరచాప స్తంభాన్ని రెండువైపులా లాగి పట్టే ఉక్కు తీగలు చాలా పడవల్లో ఆ గోడలకే బిగించి ఉంటాయి. గాలి బలమంతా ఆ తీగల మీదుగా చెక్కలోకి దిగుతుంది. కుళ్లిన గోడపై మెరిసే లామినేట్ అంటించి మురిసిపోతే నడిసముద్రంలో స్తంభమే కూలొచ్చు.

ఇక మూలమట్టం, రసమట్టం రెండూ అక్కడ దండగే. పడవే ఊగుతుంటే రసమట్టంలో బుడగ ఎక్కడ నిలుస్తుంది? పైగా ఒళ్లంతా వంపులు. అందుకే సన్నటి చెక్కబద్దలు, అట్టముక్కలు అతికించి వంపుకు తగ్గ అచ్చు తీస్తారు. దాన్ని ప్లైవుడ్ మీద పెట్టి గీసి కోస్తారు.

ప్లైవుడ్ విషయంలో మాత్రం మన వడ్రంగి చెప్పే ‘710’ మాట పనికొస్తుంది. అది మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం సంఖ్య. 72 గంటలు నీళ్లలో మరగబెట్టినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. అయితే కోసిన అంచుల్లోంచి నీరు పీల్చుకుంటుంది కాబట్టి ప్రతి అంచుకూ ఎపాక్సీ పూత తప్పదు. అలాగని మందపాటి పలకలు వాడేస్తామంటే కుదరదు. పైభాగంలో బరువు పెరిగేకొద్దీ ఒరిగిన పడవ తిరిగి నిటారుగా లేచే శక్తి తగ్గుతుంది. గ్రానైటు గట్టు ఆశ వదులుకోవాల్సిందే.

వంటింట్లోనే అసలు గండం

వంటగ్యాసు గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపులు, కిటికీలు తెరుస్తాం. పడవ అడుగు గిన్నెలాంటిది. గ్యాసు అందులో చేరితే బయటికి దారుండదు. చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండర్‌ను విడిగా బిగుతైన పెట్టెలో ఉంచి, దాని అడుగునుంచి పడవ బయటికి గొట్టం పెడతారు. పడవ ఒరిగినా గిన్నె ఒలకకుండా స్టవ్‌ను ఉయ్యాలలా వేలాడదీస్తారు.

వైరింగూ అంతే. ఉప్పుగాలికి మామూలు రాగి తీగ చిలుము పడుతుంది. తగరం పూత ఉన్న తీగ వాడాలి. నీటిమట్టానికి దిగువనున్న ప్రతి కన్నం దగ్గరా మూసే వాల్వు ఉంటుంది. దాని ముందు అల్మరా కట్టి కప్పేస్తే, పైపు ఊడిన రాత్రి చేయి పెట్టడానికి చోటుండదు. ఆ వాల్వు పక్కనే అవసరానికి ఓ చెక్క బిరడా కట్టి ఉంచడం నావికుల అలవాటు. బల్లలకు అంచుపట్టీలు, గుండ్రటి మూలలు, అడుగడుగునా చేత్తో పట్టుకునే కడ్డీలు... ఇవీ అక్కడి అలంకారాలు.

పని చేసేవారికీ జాగ్రత్త కావాలి. మూసిన గదిలో రెజిన్ ఆవిర్లు, ఫైబర్‌గ్లాస్ పొడి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను లేకుండా పని మొదలుపెట్టకూడదు.

తలుపే ప్రాణాధారం

పాత నమూనాల పడవల సత్తా ఏమిటో 2022లో ఫ్రాన్స్ నుంచి మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసు చూపించింది. 1988కి ముందు రూపొందించిన నమూనాలతో, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిరావాలన్నది నిబంధన. దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టన్ నొయ్‌షేఫర్ తన పడవ మినెహాహాను కెనడాలో నెలల తరబడి విప్పి, బాగుచేసుకుని మరీ బరిలోకి దిగారు. 2023 ఏప్రిల్ 27న మొదటి స్థానంలో వచ్చారు. రెండో స్థానం మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీది. గాలివాటాన్నిబట్టి పడవను నడిపే విండ్‌వేన్ పలకలు విరిగిపోతే ఆయన ఏం చేశారో తెలుసా? పడవలోని టాయిలెట్ తలుపు కోసి కొత్త పలక చేసుకున్నారు!

తడి ఆపాలి. వెన్నెముక చూడాలి. గ్యాసు, కరెంటు, వాల్వులు సరిచేయాలి. కుషన్లకు నీలం బాగుంటుందా, ఎరుపు బాగుంటుందా అన్న చర్చ... ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు!