అరకు చలికి పాత కారు సిద్ధమేనా? ఈ అయిదు అంకెలు చూసుకోండి

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి, గాలికొండ ప్రాంతంలో రోడ్డు 1,000 మీటర్ల ఎత్తు దాటి, మళ్లీ దిగి, 900 మీటర్ల ఎత్తునున్న లోయలోకి చేరుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. లంబసింగి, చింతపల్లి వైపు కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకీ వస్తుంది.

అయినా మంచు కురిసే దేశాల్లో చెప్పే జాగ్రత్తలన్నీ ఇక్కడ అక్కర్లేదు. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పాత బళ్లలో పోసే 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ కూడా ఈ చలికి తట్టుకుంటుంది. మన కొండల్లో చలి నేరుగా దెబ్బతీసేది బ్యాటరీని. మిగతా శ్రద్ధంతా ఎక్కుడుకీ, దిగుడుకీ, తడికీ, పొగమంచుకీ పెట్టాలి.

12.6 వోల్టులు

రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీకి పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సామర్థ్యం సుమారు ఐదో వంతు తగ్గుతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిరగడం బరువవుతుంది. అందుకే విశాఖలో ఎలాగోలా స్టార్టయ్యే నాలుగేళ్ల బ్యాటరీ కొండమీద మొరాయిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 9.6 కన్నా కిందికి పోతుంటే మార్చే వేళయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో చూపించుకోవాలి.

96 డిగ్రీలు

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు త్వరగా మరుగుతాయి. విశాఖ తీరంలో 100 డిగ్రీలు, గాలికొండ ఎత్తులో సుమారు 96. లోపలి ఒత్తిడి బయటికి పోకుండా పట్టి ఉంచి, కూలెంట్‌ను అంతకన్నా ఎక్కువ వేడి దాకా మరగకుండా కాపాడేది రేడియేటర్ మూత. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి అడుగునున్న రబ్బరు వాషర్ నొక్కి చూడండి. గట్టిపడినా, చిట్లినా కొత్త మూత వేయించండి. చలికాలమైనా సెకండ్ గేర్‌లో నిండు లోడుతో ఎక్కే ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది.

155 డిగ్రీలు

నలుగురితో కలిపి 1,200 కిలోల కారు 1,000 మీటర్లు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 3.3 యూనిట్ల కరెంటుతో సమానం. 35 లీటర్ల చన్నీళ్లు మరగ్గాచడానికి అది చాలు. అదంతా బ్రేకుల మీదే వేస్తే బ్రేక్ ఆయిల్ కాగుతుంది. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాల్లోని తేమ పీల్చుకునే రకం కాబట్టి, 3.7 శాతం నీరు చేరేసరికి ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలి.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో దింపితే పెట్రోలు మిగులుతుందనేది భ్రమ. ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఐడిల్ కోసం ఇంజిన్ తాగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపేసి దింపడం మరీ ప్రమాదం, బ్రేకులకి బూస్టర్ సాయం పోతుంది.

1.6 మిల్లీమీటర్లు

టైరు గాడి లోతుకి చట్టం పెట్టిన కనీస హద్దు ఇది. పొగమంచుతో తడిసిన ఘాట్ రోడ్డుకి ఇంకాస్త ఎక్కువే ఉండాలి. ఇక గాలి సంగతి. 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ పట్టిస్తే 5 డిగ్రీలకి మూడుకు పైగా తగ్గుతుంది. కొండమీద బయటి ఒత్తిడి తక్కువ కాబట్టి అందులో సగం గేజీలో తిరిగొస్తుంది. చివరికి తేడా ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ. కాబట్టి కంపెనీ చెప్పిన గాలి కరెక్టుగా ఉంటే చాలు, అదనంగా కొట్టించక్కర్లేదు. స్టెప్నీ మాత్రం మర్చిపోవద్దు.

30 మీటర్లు

పొగమంచులో ముందు 30 మీటర్లే కనిపిస్తుందనుకోండి. ప్రమాదం గమనించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే, తడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో కారు ఆగేసరికి దాదాపు 29 మీటర్లు పోతుంది. 60లో అయితే 50 దాటుతుంది. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి కళ్లల్లోకే కొడుతుంది, లో బీమ్ వాడాలి. పాత కార్లలో తుప్పుపట్టిన ఎర్త్ వైరు వల్ల బల్బుకి అందే వోల్టేజీ 10 శాతం తగ్గినా హాలోజెన్ వెలుగు సుమారు 30 శాతం పోతుంది. పెద్ద బల్బు కొనేముందు ఆ కనెక్షన్ శుభ్రం చేయించండి. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేయండి, అది గాల్లో తేమ లాగేస్తుంది.

బడ్జెట్ తక్కువైతే ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, ఆ తర్వాత లైట్లు, చివర్న బ్యాటరీ. స్టార్టవని కారు ఉన్నచోటే ఉంటుంది, ఆగని కారుతోనే ప్రాణాపాయం. సొంత కారుకి పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలన్న నిబంధన సరేసరి. ఇరుకు మలుపులో ఎదురుబండి ఎక్కుతుంటే దిగే మనమే ఆగి దారివ్వాలి, రూలు కూడా అదే.