గుత్తి లోపలి బూజు

పూగుత్తి పైకి పచ్చగా నిగనిగలాడుతుంటుంది. మధ్యలోంచి పొడుచుకొచ్చిన ఒక్క చిన్నాకు మాత్రం పసుపు తిరిగి వాడిపోతుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే చాలు, ఇట్టే ఊడి వస్తుంది. గుత్తి విప్పి చూస్తే లోపలి కాడ గోధుమ రంగులో మెత్తబడి, చుట్టూ బూడిద రంగు నూగు కనిపిస్తుంది. కాస్త కదిపితే పొగలా లేస్తుంది. 2018 అక్టోబరు 17న గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేసిన కెనడాలో, లైసెన్సుతో ఆ పంట పండించేవారు కోతల ముందు ఎక్కువగా భయపడేది దీనికే.

ఈ శిలీంధ్రం పేరు బోట్రిటిస్ సినెరియా. సూక్ష్మదర్శినిలో దీని బీజాలు ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తాయి. గ్రీకులో ‘బోట్రిస్’ అంటే ద్రాక్షగుత్తే. ద్రాక్ష, స్ట్రాబెర్రీలను కుళ్లబెట్టేదీ ఇదే. చల్లదనం, గాలిలో తేమ, కదలని గాలి ఉంటే విజృంభిస్తుంది.

దానికి ఇల్లు కట్టించి ఇచ్చింది మనిషే. మందుకు పనికొచ్చే రసాయనాలు ఎక్కువగా ఉండేది ఆడ మొక్కల పూలలో. అందుకే మగ మొక్కలను తీసేస్తారు. పరాగం అందక, గింజ కట్టక, పూలు ఒకదానిమీద ఒకటి పుడుతూ గుత్తి బిగుస్తుంది. గుత్తి ఎంత దట్టమైతే అంత ధర. లోపలి తేమ బయటికి పోయే దారీ అంతే ఇరుకు.

ఈ పంటకే వచ్చే మరో శిలీంధ్ర రోగం, ఆకుల మీద పిండి చల్లినట్టు కనిపించే బూడిద తెగులు. దాని తీరు వేరు. మన మినుము, మిరప రైతులకు ఇలాంటి లక్షణాలు పరిచయమే, కారకాలు వేరైనా. బోట్రిటిస్ కణాలను చంపి తింటుంది. బూడిద తెగులు బతికున్న కణాల్లోంచే ఆహారం పీలుస్తుంది. దానికి ఆకు తడిగా ఉండాల్సిన పనీ లేదు.

పూత మీద మందు కొడితే అవశేషాలు నేరుగా వాడేవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. కాబట్టి గాలే అసలు మందు: మొక్కల మధ్య ఎడం, ఆకులు పల్చన చేయడం, తేమ తీసే యంత్రాలు, ఆగకుండా తిరిగే ఫ్యాన్లు.

కోతతో గండం గడవదు. సరిగా ఆరని పూలపై ఆస్పర్‌జిల్లస్ అనే మరో శిలీంధ్రం పెరగొచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన క్యాన్సర్ రోగులు వాటి పొగ పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే కెనడాలో చాలామంది ఉత్పత్తిదారులు సరుకుపై గామా కిరణాలు ప్రసరింపజేస్తారు. ఆ కిరణాలు శిలీంధ్ర బీజాలను చంపగలవు గానీ, కుళ్లిన గుత్తిని మళ్లీ పువ్వు చేయలేవు.