ఇంటికొచ్చాక వచ్చిన జ్వరం – ఆఫ్రికాలో మా ఆరేళ్ళ కాపురం నేర్పిన పాఠం



మేము భార్యాభర్తలం. భార్య నర్సు, భర్త ల్యాబ్ టెక్నీషియన్. 2004 నుండి 2010 వరకు టాంజానియా దేశంలో, విక్టోరియా సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న మ్వాంజా పట్టణానికి దగ్గరలో ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేశాం. అక్కడ ఏం తిన్నారు, ఎలా ఉన్నారు, జబ్బులేమీ రాలేదా అని చాలామంది అడుగుతుంటారు. మన సంఘాల పిల్లలు కూడా ఉద్యోగాలకు, సేవకు ఆఫ్రికా దేశాలకు వెళ్తున్నారు. వారికి, ఇక్కడ వారికోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇది వ్రాస్తున్నాం.

అక్కడి రోజువారీ జీవితం

ఆఫ్రికా అంటే మండే ఎండలని అనుకుని వెళ్ళాం. విక్టోరియా సరస్సు సముద్ర మట్టానికి 1,100 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అందువల్ల గుంటూరు ఎండలతో పోలిస్తే అక్కడ చల్లనే. రాత్రిళ్ళు దుప్పటి కావాలి.

తిండికి ఇబ్బంది పడలేదు. అక్కడివారి ముఖ్యాహారం ఉగాలి. మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటిలాగే ఉంటుంది. మ్చిచా అనేది మన తోటకూరే. సరస్సులో దొరికే దగా అనే చిన్న చేపలను ఎండబెట్టి అమ్ముతారు, చూస్తే మన మెత్తళ్ళు గుర్తుకొస్తాయి. చపాతీని చపాతీ అనే, టీని చాయ్ అనే అంటారు. చింతపండు కూడా ఉక్వాజు అనే పేరుతో సంతలో దొరికింది. అది దొరికిన రోజు ఇంట్లో పండగే.

పెద్దవారు ఎదురైతే చిన్నవారు “షికమో” అని నమస్కరించాలి, వారు “మరహబా” అని జవాబిస్తారు. గుడిలో “బ్వానా అసిఫివే” అంటారు, ప్రభువుకు స్తోత్రం అని అర్థం. ఎవరికైనా కాలికి రాయి తగిలినా, ఇంట్లో మనిషి పోయినా “పోలే” అంటారు. మన “అయ్యో పాపం” లాంటి మాట. ఇంటికి దూరంగా ఉన్న మాకు ఆ ఒక్క మాట ఎన్నోసార్లు ధైర్యమిచ్చింది.

మమ్మల్ని బాగా తికమక పెట్టింది గడియారం. స్వాహిలీలో పగటి గంటలను సూర్యోదయం నుండి లెక్కపెడతారు. మనకు ఉదయం ఏడు గంటలైతే వారికి ఒకటో గంట. కొత్తలో వార్డులో ఒక తల్లికి, మధ్యాహ్నం రెండు గంటలకు బిడ్డకు మాత్ర వేయమని చెప్పాం. ఆమె రాత్రి ఎనిమిదికి వేసింది. వారి రెండో గంట అదే మరి. పొరపాటు ఆమెది కాదు, మాది. అప్పటినుండి మందు ఎప్పుడు వేయాలో చెప్పాక, రోగి చేత తిరిగి చెప్పించుకోవడం అలవాటు చేసుకున్నాం.

నీళ్ళు, సరస్సు, దోమతెర

తాగే నీళ్ళు తెర్లకాగిన తరువాత ఇంకో నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చుకునేవాళ్ళం. సరస్సు ఎంత అందంగా ఉన్నా అందులో దిగేవాళ్ళం కాదు. ఆ నీటిలోని నత్తల నుండి బిల్హార్జియా అనే జబ్బును కలిగించే సూక్ష్మమైన పురుగులు బయటికి వచ్చి, నీటిలో నిలబడినవారి చర్మం గుండా లోపలికి పోతాయి. గాయం అక్కరలేదు. ఈ జబ్బు మన దేశంలో దాదాపు లేదు గనుక, ఆ నీటిలో దిగినవారు ఇక్కడి డాక్టరుకు ఆ సంగతి తామే చెప్పాలి. దీనికి ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందు ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది దోమతెర. మలేరియా దోమ ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది. మందు పట్టించిన తెరను పరుపు కిందికి దోపి పడుకునేవాళ్ళం. మొదటి సంవత్సరం డాక్టరు ఇచ్చిన నివారణ మాత్రలు కూడా వేసుకున్నాం, తరువాత మానేశాం. “మలేరియా మనకు కొత్తా? మన్యంలో చూడలేదా?” అనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

మనకు అలవాటైన జబ్బే కదా?

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. కనుక జబ్బు మనకు తెలిసిందే. కానీ మన దేశంలో వైవాక్స్, ఫాల్సిపేరం అనే రెండు రకాలూ ఉన్నాయి. ఆఫ్రికాలో దాదాపు అంతా ప్రాణాంతకమైన ఫాల్సిపేరమే. ఇందులో క్రిమి సోకిన రక్తకణాలు మెదడులోని, మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలకు అంటుకుపోతాయి. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే మనిషి స్పృహ తప్పవచ్చు.

అక్కడ పుట్టి పెరిగిన పెద్దవారికి చిన్నప్పటినుండి మళ్ళీ మళ్ళీ జ్వరం వచ్చి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అదీ సంపూర్ణం కాదు, కొన్నేళ్ళు వేరే చోట ఉంటే తగ్గిపోతుంది. పసిపిల్లలకు అది ఉండదు. మనలాగా వెళ్ళినవారికీ ఉండదు.

2007 క్రిస్మస్ రాత్రి

ఆ డిసెంబరులో సెలవుకు గుంటూరు బయలుదేరాం. సామాను సర్దుతూ దోమతెర ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టేశాం. నాలుగు రాత్రులే కదా అనుకున్నాం.

12వ తేదీన ఇల్లు చేరాం. 23న భర్తకు చలి, జ్వరం, తలనొప్పి. “ప్రయాణ బడలిక నాయనా, నీళ్ళు పడలేదు” అన్నారు అత్తయ్యగారు. మేమూ అదే అనుకున్నాం. దగ్గరలోని క్లినిక్‌లో జ్వరం మాత్రలిచ్చారు. ఎక్కడినుండి వచ్చామో వారు అడగలేదు, మేము చెప్పలేదు. రోజూ మైక్రోస్కోపులో మలేరియా క్రిములను చూసే మనిషికి, ఆ చూసి చెప్పగల భార్య పక్కనే ఉండగా, ఆ ఆలోచనే రాలేదు. సొంత ఇంట్లో, అమ్మ పక్కన ఉన్నాం కదా, ఆఫ్రికా జబ్బు ఆఫ్రికాలోనే ఉండిపోయిందనుకున్నాం.

25న వాంతులు మొదలయ్యాయి. ఆ రాత్రి ఆయన కన్నతల్లిని గుర్తుపట్టక, ఆమెతో స్వాహిలీలో మాట్లాడారు. అప్పుడు తెలిసింది మాకు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి, గుమ్మంలోనే “టాంజానియా నుండి వచ్చి రెండు వారాలు కాలేదు” అని చెప్పాం. అరగంటలో రక్తపరీక్ష అయింది. ఫాల్సిపేరం. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు నరానికి ఇచ్చారు. ఆరు రోజుల తరువాత దేవుని దయవల్ల నడిచి ఇంటికి వచ్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేం.

గుర్తుంచుకోవలసినవి

1. వెళ్ళడానికి నాలుగు నుండి ఆరు వారాల ముందే డాక్టరును కలవండి. మలేరియా నివారణ మాత్రలు ఎవరికి ఏవి సరిపోతాయో వారే చెప్పాలి. గర్భిణీలు తప్పక చెప్పి అడగాలి. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి.

2. దోమతెర చివరి రాత్రి వరకు కట్టండి. 2021లో, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన మలేరియా టీకాలు అక్కడి పసిపిల్లల కోసం. ప్రయాణికులకు కాదు.

3. తిరిగి వచ్చిన మూడు నెలల్లోపు, ముఖ్యంగా మొదటి నెలలో, జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. కొన్ని రకాలు ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు కనుక, ఏడాది వరకు ఏ జ్వరం వచ్చినా ప్రయాణం సంగతి చెప్పండి.

4. డాక్టరు అడిగేవరకు ఆగవద్దు. “ఫలానా దేశం నుండి ఫలానా తేదీన వచ్చాను” అన్నదే మీ మొదటి మాట కావాలి.

5. మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా జ్వరం తగ్గకపోతే, 12 నుండి 24 గంటల తరువాత మళ్ళీ చేయించాలి. మూడుసార్లు చేయించవలసి రావచ్చు.

6. ఇంట్లో మిగిలిన పాత క్లోరోక్విన్ మాత్రలు వేసుకోవద్దు. ఆఫ్రికా ఫాల్సిపేరం మీద అవి చాలాచోట్ల పనిచేయవు. డాక్టరు ఇచ్చిన మందు జ్వరం తగ్గినా పూర్తిగా వాడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు చాలాకాలానికి ఇంటికి వస్తే ఇష్టమైనవి వండిపెట్టండి, కడుపారా చూసుకోండి. కానీ ఒళ్ళు వెచ్చబడితే మాత్రం “నీళ్ళు పడలేదు” అని సరిపెట్టుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకురండి. దూరదేశాల్లో ఉన్న మీ బిడ్డలను ప్రభువు కాపాడును గాక.