బస్సు మెట్టు మీద చేయి అందించడమూ సదఖాయే

మనిషి దేహంలో ఎన్ని కీళ్లున్నాయో అన్నింటి తరఫునా ప్రతిరోజూ ఒక దానం చెల్లించవలసి ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. అంత దానం పేదవాడు ఎక్కడి నుంచి తేగలడు? ఆ దానాలేమిటో కూడా ప్రవక్త మహనీయులే వివరించారు. ఇద్దరి మధ్య న్యాయం చేయడం దానమే. మంచి మాట పలకడం దానమే. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం దానమే. వాహనం ఎక్కడానికి సాటి మనిషికి సాయపడటం, అతని సామాను పైకి అందించడం కూడా దానమే. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఆనాడు వాహనమంటే ఒంటె, గుర్రం, గాడిద. ఈనాడు మన పల్లెల్లో బండి నడపలేని వృద్ధులకు నమ్మకమైన వాహనం ఒక్కటే. అది పల్లెవెలుగు బస్సు. కనుక ఈ హదీసు వెలుగులో మన ఊరి బస్టాపును ఒకసారి చూద్దాం. అక్కడ చేతికర్ర పట్టుకొని నిలబడిన పెద్దాయన, మందుల సంచీ ఒళ్లో పెట్టుకొని కూర్చున్న దాదీ మనకు కనిపిస్తారు. వారికి చేయి అందించేది ఎవరు? అసలు వారు ఎక్కవలసిన బస్సు వస్తున్నదా?

బస్సు పోతే పోయేదేమిటి?

వయసులో ఉన్నవారికి బస్సు కేవలం ఒక ప్రయాణ సాధనం. అది రాకపోతే మోటారు సైకిలు ఉంది, షేర్ ఆటో ఉంది. వృద్ధులకు అలా కాదు. షుగరుకు, బీపీకి నెలనెలా మాత్రలు తెచ్చుకోవాలంటే పట్టణంలోని ఆసుపత్రికి వెళ్లాలి. కంటి పొర తీయించుకున్నాక డాక్టరు రమ్మన్న తేదీకి మళ్లీ వెళ్లాలి. బ్యాంకులో వేలిముద్ర వేయాలి. జుమా నమాజు జరగని చిన్న ఊరైతే ప్రతి శుక్రవారం మండల కేంద్రంలోని మసీదుకు చేరాలి. బంధువుల ఇంట మరణవార్త వింటే జనాజా లేచేలోగా వెళ్లి ఆఖరి చూపు చూడాలి. వీటిలో ఏదీ విలాసం కాదు.

బస్సు ఉన్నంతకాలం ఈ పనులన్నీ వారు ఎవరినీ అడగకుండా చేసుకుంటారు. బస్సు ఆగిపోతే ప్రతిదానికీ కొడుకునో మనవడినో అడగాలి. కొడుకు వెంట రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. మోకాళ్లు వంగని ముసలమ్మ మోటారు సైకిలు వెనుక కూర్చోలేదు. కిక్కిరిసిన ఆటోలో అంచున కూర్చొని ప్రయాణించడం ఆమె ప్రాణానికే ముప్పు. ఒకసారి అడుగుతారు, రెండుసార్లు అడుగుతారు. మూడోసారి అడగడానికి మనసు ఒప్పక, ఈ నెలకు మాత్రలు లేకపోయినా ఫరవాలేదని ఊరుకుంటారు. అలా ఊరుకోవడాన్ని మనం వారి సహనం అనుకుంటాము. నిజానికి అది నిస్సహాయత.

ముసలితనంలో తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనకూడదని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా (17:23) ఆదేశిస్తున్నది. మనం నోటితో 'ఉఫ్' అనకపోవచ్చు. కాని ప్రతి చిన్న పనికీ పెద్దలు మన ముఖం వంక చూడవలసిన స్థితి రానివ్వడం ఆ ఆదేశపు స్ఫూర్తికి తగినదేనా? ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

తల్లి పేరు మోసే బస్సు

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సుల చరిత్ర 1932 జూన్‌లో మొదలైంది. నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో వాటిని ప్రారంభించింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణకు వేరుగా సంస్థ వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

ఆర్టీసీ బస్సుల నంబర్లలో 'జడ్' అనే అక్షరం ఉండటం చాలామంది గమనించే ఉంటారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థం ఆ అక్షరం పెట్టించారని హైదరాబాదు పెద్దలు చెబుతూ వచ్చారు. ఒక కుమారుడు తల్లి పేరును బస్సుకు తగిలించాడని మనం ముచ్చటగా చెప్పుకుంటాము. మరి మన తల్లులు ఆ బస్సు కోసం ఎండలో ఎంతసేపు నిలబడుతున్నారో చూడవద్దా?

ఉచితం సరే, బస్సు రావాలి కదా!

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇటువంటి సౌకర్యమే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 60 ఏళ్లు నిండినవారికి టిక్కెట్టులో 25 శాతం రాయితీ కూడా ఉంది. పేద ఇంటి వృద్ధ మహిళ కూతురిని చూడాలనుకుంటే చార్జీల కోసం చేయి చాచనవసరం లేదు. ఇది మెచ్చుకోదగిన మేలు. మేలును మేలని ఒప్పుకోవడం కృతజ్ఞతలో భాగం.

అయితే సున్నా టిక్కెట్టుకు విలువ ఎప్పుడు వస్తుంది? బస్సు వచ్చినప్పుడు, చేయెత్తితే ఆగినప్పుడు, ఎక్కేదాకా నిలిచినప్పుడు. రోజుకు రెండు ట్రిప్పులున్న ఊరిలో ఒకటి రద్దయితే ఆ ఊరికి సగం దారి మూసుకున్నట్లే. రాత్రి ఊరిలోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు ఉంటే రోగి పొద్దున్నే ఆసుపత్రి ఓపీ చీటీకి అందుకోగలడు. అది లేకపోతే పది గంటల బస్సుకు వెళ్లి, వరుసలో చివర నిలబడి, డాక్టరు లేచి వెళ్లాక ఇంటికి తిరిగి రావలసి వస్తుంది.

ట్రిప్పులు ఎందుకు తగ్గుతాయి? బస్సులో ఎన్ని సీట్లు నిండాయి, కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది అనే లెక్కలను డిపోలు చూస్తాయి. సీట్లు నిండని ట్రిప్పు మీద ముందుగా వేటు పడుతుంది. సీట్లు ఎందుకు నిండవు? మన యువకులందరికీ మోటారు సైకిళ్లు వచ్చాయి. ఒకప్పుడు బస్సు రాకపోతే ఊరంతా కదిలి డిపో ముందు నిలబడేది. నేడు బస్సు అవసరం గలవారు వృద్ధులు, వికలాంగులు, విద్యార్థులు, బండి లేని పేదలు మాత్రమే. గొంతు గలవారికి బస్సు అక్కరలేదు. బస్సు కావలసినవారికి గొంతు లేదు. ఈ సమస్యకు మూలం ఇక్కడే ఉంది. ఇందులో డిపో బాధ్యత ఎంత ఉందో, మౌనంగా ఉన్న మన బాధ్యత కూడా అంతే ఉంది.

2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె యాభై రోజులు దాటింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఆ రెండు సందర్భాలలోనూ బస్సు లేని పల్లె ఎలా ఉంటుందో అందరమూ చూశాము. కొన్ని ఊళ్లలోని వృద్ధులకు ఆ పరిస్థితి ఇప్పటికీ తొలగలేదు.

బలహీనుడే కొలమానం

ఒక ఇమాము నమాజును మరీ దీర్ఘంగా చేయిస్తున్నారని ఒక వ్యక్తి ప్రవక్త (సఅసం) సన్నిధిలో ఫిర్యాదు చేశారు. ఆ రోజు ప్రవక్త మహనీయులు ఎన్నడూ లేనంత కోపంతో ఉపదేశించారని హజ్రత్ అబూ మస్ఊద్ (రజి) తెలిపారు. నమాజు చేయించేవారు తేలికగా చేయించాలని, వెనుక నిలబడినవారిలో బలహీనులు, వృద్ధులు, పనులున్నవారు ఉంటారని ఆ ఉపదేశ సారాంశం. ఆరాధనలోనే వృద్ధుని శక్తిని కొలమానంగా పెట్టిన ధర్మం మనది. అటువంటప్పుడు బస్సు ఎంతసేపు ఆగాలో నిర్ణయించవలసింది కూడా పరుగెత్తి ఎక్కగల యువకుడు కాదు, చివరి మెట్టు మీద ఇంకా కాలు పెట్టని ముసలమ్మ. సమయపాలన ఒత్తిడిలో ఉన్న డ్రైవరు, కండక్టరు సోదరులు ఆ ఒక్క నిమిషం ఓపిక పడితే అది వారి ఖాతాలో దానంగానే చేరుతుంది.

ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) తమ 'కితాబుల్ ఖరాజ్'లో ఒక సంఘటన నమోదు చేశారు. ఒక వృద్ధ యూదుడు భిక్షమెత్తుకోవడం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కంట పడింది. వయసులో ఉన్నప్పుడు అతని నుంచి పన్ను తీసుకొని ముసలితనంలో వదిలివేయడం న్యాయం కాదని భావించి, ఖలీఫా అతనికీ అతనిలాంటి వారికీ బైతుల్ మాల్ నుంచి సాయం ఏర్పాటు చేయించారు. మన పల్లెల వృద్ధులు వయసంతా టిక్కెట్టు కొని ప్రయాణించినవారే. అందుచేత వారు అడిగేది దయ కాదు, హక్కు. హజ్రత్ ఉమర్ (రజి) ఆ వృద్ధుని మతం చూడలేదు. బస్టాపులో నిలబడిన పెద్దలు ఏ మతం వారైనా మనమూ అలాగే చూడాలి.

మనం చేయగలిగినవి

మొదటిది, బస్సులో వృద్ధులకు కేటాయించిన సీట్లను వారు అడగకముందే ఖాళీ చేయాలి. ఎక్కేటప్పుడు చేయి, దిగేటప్పుడు సంచీ అందించాలి. పిల్లలకు ఈ అలవాటు మక్తబ్‌లోనే నేర్పాలి.

రెండవది, మసీదు కమిటీలు ఊరిలోని ఇతర పెద్దలతో కలిసి వినతిపత్రం రాయాలి. బస్సు సరిగా రావడం లేదని రాస్తే చాలదు. ఏ తేదీన ఏ ట్రిప్పు రాలేదు, ఎంత ఆలస్యమైంది, ఎంతమంది నిలబడ్డారు అనే వివరాలు నెలరోజులపాటు పుస్తకంలో రాసి దానికి జతచేయాలి. డిపో మేనేజర్లు ప్రజలతో ఫోనులో మాట్లాడే 'డయల్ యువర్ డీఎం' కార్యక్రమాన్ని వినియోగించుకోవాలి. సోమవారాల్లో కలెక్టరు కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలోనూ అర్జీ ఇవ్వవచ్చు.

మూడవది, వారానికి ఒకరోజైనా బండి పక్కన పెట్టి మనమూ బస్సు ఎక్కాలి. మన టిక్కెట్టు ఆ ట్రిప్పును నిలబెడుతుంది. దాని మీద ఒక వృద్ధుని మందు, ఒక తల్లి ఆఖరి చూపు ఆధారపడి ఉండవచ్చు.

నాల్గవది, బస్టాపులో నీడ, కూర్చునే అరుగు, తాగునీరు లేకపోతే ఊరివారంతా కలిసి ఏర్పాటు చేయాలి. దాహం తీర్చే నీటిని మించిన సదఖయె జారియా మన పల్లెలో ఏముంది?

పెద్దలను గౌరవించనివాడు తన అనుచర సమాజంలోనివాడు కాడని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ గౌరవం సలాము చేయడంతో తీరిపోదు. వారు వెళ్లదలచిన చోటికి వెళ్లి, సగౌరవంగా తిరిగి రాగలగాలి. అల్లాహ్ మన వృద్ధులకు ఆరోగ్యాన్ని, వారి దారులకు సౌలభ్యాన్ని, మన హృదయాలకు కనికరాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.