ఏడు కోణముల నక్షత్రము

ఐరోపా పటమున డెన్మార్కు దేశమును గుర్తించుటకు విద్యార్థులు కొంత శ్రమపడవలయును. వైశాల్యమున అది మన ఆంధ్రప్రదేశ్‌లో మూడవ వంతునకు తక్కువ. అట్టి చిన్న దేశమున పుట్టిన మేర్స్క్ నౌకాసంస్థ రెండు దశాబ్దములకు పైగా కంటైనరు రవాణాలో ప్రపంచమున ప్రథమస్థానమున నిలిచెను. 2022లో ఎం.ఎస్.సి. అను మరియొక సంస్థ దానిని మించినది. అయినను నీలవర్ణముపై తెల్లని నక్షత్రము గల మేర్స్క్ చిహ్నము నేటికిని ఖండఖండాంతరముల రేవులలో కనుపించుచున్నది.

ఆ నక్షత్రమునకు ఒక గాథ కలదు. పీటర్ మేర్స్క్ మోలర్ అను డేనిష్ నావికుడు నడపిన లారా అను ఆవిరినౌక పొగగొట్టముపై నీలపు పట్టీ, అందు ఏడు కోణముల తెల్లని చుక్క చిత్రింపబడియుండెను. దాని కారణమును ఆయన 1886లో భార్య అన్నాకు వ్రాసిన లేఖలో తెలిపెను. ఆమె తీవ్రముగా జబ్బుపడిన యొక రాత్రి ఆయన దైవమును ప్రార్థించి, ఏదైన నొక గురుతు చూపుమని వేడుకొనెను. మబ్బుపట్టిన ఆకాశమున ఒక చుక్క తోచెను. ఆమె కోలుకొనెను. ఒక గృహస్థుని కృతజ్ఞత ఈ విధముగా మహావ్యాపారమునకు ముద్రయైనది.

1904లో పీటరును, ఆయన కుమారుడు ఆర్నల్డ్ పీటర్ మోలరును స్వెండ్‌బోర్గ్ పట్టణమున నౌకాసంఘమును స్థాపించి, ఒక పాత ఆవిరినౌకను కొనిరి. 1912లో రెండవ సంఘము, పిమ్మట ఓడెన్సే పట్టణమున సొంత నౌకానిర్మాణశాల, 1928లో నియతకాలములలో నడచు సరుకు సర్వీసు ఏర్పడెను. 1940లో జర్మను సైన్యము డెన్మార్కును ఆక్రమించినప్పుడు కుమారుడు మేర్స్క్ మెక్‌కిన్నీ మోలర్ అమెరికా చేరెను. ఆ యుద్ధమున సంస్థ పెక్కు నౌకలను, నావికులను కోల్పోయెను. 1946లో తండ్రి కుమారునికి వ్రాసిన లేఖలో, సకాలమున జాగ్రత్తపడినచో తప్పించుకొనదగిన నష్టమేదియు మనకు తగులరాదని హెచ్చరించెను. ఆ వాక్యమే సంస్థకు సూత్రమైనది.

ఇక పెట్టె సంగతి. పూర్వము ఓడలోని సరుకును బస్తా బస్తాగా, పీపా పీపాగా కూలీలు మోసెడివారు. లారీల యజమానియగు మాల్కమ్ మెక్లీన్ అను అమెరికనునకు, సరుకు నింపిన పెట్టెనే ఓడపై కెక్కించిన బాగుండునని తోచెను. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అను నౌక 58 పెట్టెలతో న్యూఆర్క్ నుండి హూస్టనునకు బయలుదేరెను. టన్ను సరుకు ఎక్కించుటకు అంతవరకు 5 డాలర్ల 86 సెంట్లు కాగా, ఈ పద్ధతిలో 16 సెంట్లు మాత్రమే పట్టినదని లెక్క తేలెను. దినముల పని గంటలలో ముగియసాగెను. కాని ఆ లాభమునకు వెల చెల్లించినవారు మోతకూలీలు. లండను నగరపు పాత రేవులు 1981 నాటికి మూతపడెను.

మేర్స్క్ ఈ మార్గమున ఆలస్యముగా అడుగుపెట్టెను. 1975లో ఏడ్రియన్ మేర్స్క్ నౌకతో అమెరికా నుండి ఆసియాకు కంటైనరు సర్వీసు ప్రారంభమయ్యెను. ఆలస్యముగా వచ్చినను అది అందరిని దాటిపోయెను. 1999లో మెక్లీన్ స్థాపించిన సీలాండ్ సంస్థ యొక్క అంతర్జాతీయ వ్యాపారమునే కొనివేసెను. 2005లో పి. అండ్ ఓ. నెడ్లాయిడ్ సంస్థను కలుపుకొనెను. ఒకప్పుడు ఆంగ్ల దొరలను మన దేశమునకు చేరవేసిన నౌకల వారసత్వము ఈ విధముగా డేనిష్ చుక్క క్రిందికి వచ్చినది.

నౌకల పరిమాణము ఊహకందదు. 2006 నాటి ఎమ్మా మేర్స్క్ పొడవు 397 మీటర్లు. 2013లో వచ్చిన మేర్స్క్ మెక్‌కిన్నీ మోలర్ ఇరువది అడుగుల పెట్టెలు 18,270 మోయగలదు. వానిని వరుసగా పేర్చినచో నూట పది కిలోమీటర్లు దాటును. అంతటి నౌకను నడుపువారు ఇరువదిమందికి కొంచెము ఇటు అటు!

అయినను సముద్రము మనుష్యుని లెక్కకు లొంగదు. 2014లో స్వెండ్‌బోర్గ్ మేర్స్క్ నుండి తుఫానున అయిదువందలకు పైగా పెట్టెలు కడలిపాలయ్యెను. 2018లో అరేబియా సముద్రమున మేర్స్క్ హొనామ్ నౌక అగ్నికి ఆహుతి కాగా అయిదుగురు నావికులు మరణించిరి. అంతకు ముందు 2017 జూన్‌లో కంప్యూటరు వైరస్ సోకి సంస్థ యంత్రాంగమంతయు స్తంభించెను. విద్యుత్తు ఆగిపోయినందున ఘానా దేశమున ఒక కంప్యూటరు మాత్రము ఆ దాడికి చిక్కలేదు. అందలి సమాచారమే పునరుద్ధరణకు ఆధారమయ్యెను. ఎంతటి జాగ్రత్తకైనను అదృష్టపు తోడు కావలయునేమో!

2023లో సంస్థ మిథనాలు ఇంధనముతో నడచు తన మొదటి కంటైనరు నౌకకు లారా మేర్స్క్ అని నామకరణము చేసెను. 2040 నాటికి కర్బన ఉద్గారములను నికరముగా లేకుండ చేయుదుమని ప్రకటించెను. ఈ పూనిక నెరవేరుట ఒక్క నౌకతో అగు పని కాదు. కావలసినంత శుద్ధ ఇంధనము లభింపవలయును, దాని హెచ్చు ధరను ఎవరో భరింపవలయును. మన బల్లపైనున్న వస్తువును చౌకగా తెచ్చిన పెట్టె వెనుక మోతకూలీల శ్రమయు, నావికుల ప్రాణములును కలవు. ఉపాధ్యాయులు భూగోళపాఠమున ఓడదారుల రేఖలను గీయునప్పుడు వీరిని గూడ ఒకింత తలపింపజేసినచో ఆ పాఠము సంపూర్ణమగును.